చేతికొచ్చిన విద్య చేజారినప్పుడు

పోయిన వేసవిలో మా పెద్దమ్మ కూతురు ఇల్లు మారుతుంటే సామాన్లు సర్దడానికి వెళ్లాను. అటక మీద నుంచి దించిన అట్టపెట్టెలో పిల్లాడి టీకాల కార్డు, పాత కరెంటు బిల్లులు, వాటి అడుగున ఒక లాంగ్ నోట్‌బుక్ కనిపించాయి. ప్రతి పేజీకీ మధ్యలో స్కేలుతో గీసిన నిలువు గీత. గీతకి ఎడమ పక్క ‘పాతది’, కుడి పక్క ‘కొత్తది’ అని రాసి ఉంది. ‘కెమెరా తిప్పాలంటే ఎస్ నొక్కిపట్టి మౌస్’ అని ఎడమ పక్క. ‘ఆల్ట్ నొక్కిపట్టి మౌస్’ అని కుడి పక్క. జరపడానికి పాతదాంట్లో వి, కొత్తదాంట్లో డబ్ల్యూ. తిప్పడానికి సి, ఇప్పుడు ఇ. పెంచడానికి ఎక్స్, ఇప్పుడు ఆర్. ఇలా డెబ్భై, ఎనభై పేజీలు. కొన్నిచోట్ల కుడి పక్కంతా ఖాళీ. ఒకచోట మాత్రం ‘లేదు’ అని రాసి, దాని కింద రెండు గీతలు గీసి ఉంది.

“ఇది పారేద్దామా అక్కా?” అని అడిగాను.

“పారేయవే. ఆ సాఫ్ట్‌వేరే పోయింది, ఇంకా ఇదెందుకు?” అంది.

నేను పారేయలేదు. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. స్త్రీల ఉత్తరాలనీ, పాల పద్దులనీ, వంట పుస్తకాల అంచుల్లో రాసుకున్న లెక్కలనీ చరిత్రకి ఆధారాలుగా చదవాలని మన ముందుతరం స్త్రీవాదులు నేర్పితే నేర్చుకున్నదాన్ని. అక్క నోట్‌బుక్ కూడా అలాంటి ఆధారమే అనిపించింది. ఏ చరిత్రకి ఆధారమో చెప్పాలంటే ముందు ఆ ‘పాతది’ కథ చెప్పాలి.

దాని పేరు సాఫ్టిమేజ్. కెనడాలోని మాంట్రియల్‌లో డేనియల్ లాంగ్లువా అనే ఆయన 1986లో మొదలుపెట్టిన సంస్థ అది. అంతకు ముందు ఆయన కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డులో పనిచేశాడు. 1985లో ‘టోనీ డి పెల్ట్రీ’ అనే చిన్న కంప్యూటర్ యానిమేషన్ చిత్రం తీసిన నలుగురిలో ఒకడు. ప్రోగ్రాములు రాయడం రాని కళాకారులు కూడా వాడుకోగలిగే పనిముట్టు కావాలన్నది ఆయన ఆలోచన. 1988లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌తోనే 1993 నాటి ‘జురాసిక్ పార్క్’లో కంప్యూటర్ రాక్షసబల్లులు నడిచాయి.

ఆ తర్వాతిది చేతులు మారిన కథ. 1994లో మైక్రోసాఫ్ట్ దాదాపు 13 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. 1998లో అవిడ్ అనే సంస్థకి అమ్మేసింది. 2000లో పాతదాన్ని పక్కనపెట్టి ఎక్స్‌ఎస్‌ఐ పేరుతో కొత్త రూపం తెచ్చారు. 2008లో ఆటోడెస్క్ 3.5 కోట్ల డాలర్లకి కొన్నది. అప్పటికే ఆటోడెస్క్ చేతిలో త్రీడీఎస్ మ్యాక్స్ ఉంది, 2006లో కొన్న మాయా ఉంది. ఒకే పని చేసే మూడు సాఫ్ట్‌వేర్లు ఒకే ఇంటివయ్యాయి. ఒక ఇంట్లో మూడు పొయ్యిలు ఎంతకాలం వెలుగుతాయి? 2014 మార్చి 4న ఆ సంస్థ ప్రకటన చేసింది. సాఫ్టిమేజ్ 2015 అనే వెర్షనే చివరిది, 2016 ఏప్రిల్ 30 తర్వాత సపోర్ట్ ఉండదు. అప్పటికే చందా కడుతున్నవాళ్లు అదనపు ఖర్చు లేకుండా మాయాకి గానీ త్రీడీఎస్ మ్యాక్స్‌కి గానీ మారొచ్చు. మారేవాళ్ల కోసం పాఠాలు కూడా తయారుచేశామంది.

వాడేవాళ్లు కోపగించుకున్నారు, సంతకాలు సేకరించారు. నిర్ణయం మారలేదు. సాఫ్ట్‌వేర్ చరిత్రలు రాసేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. ఎవరు స్థాపించారు, ఎవరు కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎప్పుడు మూసేశారు. వాడిన చేతులు ఆ తర్వాత ఏం చేశాయన్నది అందులో ఉండదు. అక్క నోట్‌బుక్ సరిగ్గా అక్కడ మొదలవుతుంది.

అక్క పని రిగ్గింగ్. బొమ్మకి లోపల ఎముకల గూడు అమర్చి, ఏ ఎముక కదిలితే ఏ చర్మం ఎంత సాగాలో నిర్ణయించే పని. యానిమేటర్ ఆ బొమ్మని నడిపిస్తుంది, ఏడిపిస్తుంది, నవ్విస్తుంది. రిగ్గర్ పేరు ఎవరికీ గుర్తుండదు. పెళ్లిలో వంటమనిషిలాంటి పని అంటుంది అక్క, కుదిరితే ఎవరూ మాట్లాడరు, కుదరకపోతే అందరూ మాట్లాడతారు. 2014 నాటికి ఆ పనిలో ఆమెకి తొమ్మిదేళ్ల అనుభవం. పిల్లాడికి ఏడాదిన్నర.

ఆమె పనిచేస్తున్న స్టూడియో ఆ ఏడాది చివర మాయాకి మారింది. ట్రైనింగ్ పెట్టారు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు, ఆరు వారాలు. పగలంతా మామూలు షాట్లు, మామూలు డెడ్‌లైన్లు. ట్రైనింగ్‌కి డబ్బు కట్టనక్కర్లేదు, ఉచితం. ఆ ‘ఉచితం’ అనే మాట దగ్గర కాసేపు ఆగాలి మనం. లైసెన్స్ మార్పు ఉచితం, పాఠాలు ఉచితం, ట్రైనర్ ఉచితం. ఇందులో లెక్కలోకి రానిది నేర్చుకునే మనిషి సమయం. అది ఎవరి దగ్గర ఎంత ఉంటుందో మనకి తెలియనిదా? రాత్రి తొమ్మిది దాకా ఆఫీసులో ఉండగలిగిన వాళ్ల ఇళ్లలో ఆ సమయానికి అన్నం వండుతున్నది ఎవరు?

అక్క ఆరు వారాల్లో అయిదు రోజులే వెళ్లగలిగింది. మిగతా రోజులు పిల్లాణ్ణి పడుకోబెట్టాక, తోటి అమ్మాయి ఫోన్‌లో చెబుతుంటే నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ ఏడాది ఆమె పనితీరు రిపోర్టులో ‘కొత్త విషయాలు అందిపుచ్చుకోవడంలో వెనకబాటు’ అని రాశారట. ఇన్‌స్టిట్యూట్‌లో మాయానే నేర్చుకుని వచ్చిన, రెండేళ్ల అనుభవమున్న కుర్రాడి కింద ఆమెని వేశారు.

“నాకు రిగ్గింగ్ రాదని వాళ్లేం అనలేదు. మీటల కోసం వెతుక్కుంటున్నానన్నారు. వెతుక్కున్న మాట నిజమే కదే” అంది అక్క నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మీటల కోసం వెతుక్కోవడం అంటే ఏమిటి? బయటివాళ్లకి అదేదో చిన్న విషయంలా ఉంటుంది. కానీ చేతిపని చేసేవాళ్లకి తెలుసు, పనితనం సగం ఆలోచనలో, సగం వేళ్లలో ఉంటుందని. జంతిక పిండి ఎంత గట్టిగా కలపాలో అమ్మ చేతికి తెలిసినట్టు, ఏ ముడి ఎంత బిగించాలో అక్క వేళ్లకి తెలుసు. మీటలు మారినప్పుడు జ్ఞానం పోదు, కానీ అది బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. మనసు వెయ్యి చెబుతున్నా చేయి నత్తిగా మాట్లాడుతుంది. పరభాషలో ఇంటర్వ్యూకి వెళ్లిన తెలుగు మీడియం అమ్మాయి పరిస్థితి అది. ఆ నత్తిని చూసి తెలివిని కొలిచేస్తారు.

పైగా తేడా మీటలతో ఆగదు. సాఫ్టిమేజ్‌లో బొమ్మ తయారీ, దాని కదలిక వేరువేరు అరల్లో ఉంటాయి. బొమ్మ కదలడం మొదలయ్యాక కూడా వెనక్కి వెళ్లి ముక్కు ఆకారం దిద్దితే ఆ దిద్దుబాటు తన అరలోకి తాను వెళ్లి కూర్చుంటుంది, కదలిక చెదరదు. మాయాలో చేసిన పనులన్నీ ఒకే గొలుసుగా పేరుకుంటాయి. ఆ గొలుసుని ‘హిస్టరీ’ అంటారు. అది బరువెక్కకుండా తరచు తుడిచేస్తూ ఉండాలి. అందుకోసం ఒక మెనూలో ‘డిలీట్’ కింద ‘హిస్టరీ’ అనే మాట ఉంటుంది. నోట్‌బుక్‌లో అక్క దాన్ని ఎర్ర ఇంకుతో రాసుకుంది, ‘ముందు హిస్టరీ తుడిచెయ్యాలి, మర్చిపోకు’ అని. స్త్రీల చరిత్ర చదువుకున్న నాకు ఆ వాక్యం దగ్గర చేయి ఆగిపోయింది. ఆమెకి మాత్రం అది రోజువారీ జాగ్రత్త.

‘లేదు’ అని రెండు గీతలు గీసిన చోటు ఐస్ గురించి. 2008లో సాఫ్టిమేజ్‌లో వచ్చిన పద్ధతి అది. చిన్న చిన్న పెట్టెల్ని తీగలతో కలుపుతూ, కోడ్ రాయకుండానే పొగ, వాన, గుంపులు, సొంత పనిముట్లు తయారుచేసుకోవచ్చు. ప్రోగ్రామింగ్ చదువుకోని అక్కలాంటి వాళ్లకి అది తలుపు తెరిచింది. ఎఫ్‌బీఎక్స్ ఫైలుగా మార్చినప్పుడు బొమ్మ ఆకారం, ఎముకలు, కదలికలు మాయాలోకి వస్తాయి. ఐస్‌లో అల్లుకున్నది రాదు. దానికి పోల్చదగ్గ పెట్టెలూ తీగల పద్ధతి, బైఫ్రాస్ట్ పేరుతో, మాయాకి 2019లో గానీ రాలేదు. ఆ అయిదేళ్లలో ఎందరు ఆ తలుపు ముందు నుంచి వెనక్కి తిరిగారో ఏ లెక్కల్లోనూ దొరకదు.

ఇది ఒక్క అక్క దురదృష్టం కాదు. యానిమేషన్ చరిత్రలో ఇంకా వెనక్కి వెళ్తే, పనిముట్టు మారిన ప్రతిసారీ ఎవరిని కొత్త పనిలోకి తీసుకెళ్లారు, ఎవరిని దారిలో దించేశారు అన్న ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. అమెరికాలోని డిస్నీ స్టూడియోనే చూడండి. 1937 నాటి ‘స్నోవైట్’ సినిమాలో పెన్సిల్ బొమ్మల్ని పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్ల మీదికి ఇంకుతో ఎత్తి రాసింది, వెనకవైపు రంగులు నింపింది స్త్రీలు. ఇంక్ అండ్ పెయింట్ విభాగం అని దానికి పేరు. యానిమేటర్ శిక్షణ కోసం అర్జీ పెట్టుకున్న ఒక యువతికి 1938లో ఆ స్టూడియో రాసిన జవాబు ఇప్పటికీ ఉంది. సృజనాత్మకమైన పని మగవాళ్లు చేస్తారనీ, స్త్రీలకి ఉన్నదల్లా ఇంకూ రంగుల పనేననీ దాని సారాంశం. అంటే ఎవరికి ఏ శిక్షణ ఇవ్వాలన్నది నైపుణ్యం చూసి తేల్చిన విషయం కాదు. ముందే గీత గీసి ఉంది.

తర్వాత జిరాక్స్ వచ్చింది. యానిమేటర్ పెన్సిల్ గీతని నేరుగా సెల్యులాయిడ్ మీదికి ఎక్కించే యంత్రాన్ని ఆ స్టూడియో తయారుచేసుకుంది. 1961లో ‘వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషన్స్’ పూర్తిగా ఆ పద్ధతిలోనే వచ్చింది. ఆ కుక్కపిల్లల ఒంటి మీది మచ్చలన్నీ చేత్తో ఎత్తి రాయాలంటే అయ్యే పని కాదు, ఖర్చు కలిసొచ్చింది. ఇంకు పని చేసే స్త్రీల అవసరం తగ్గిపోయింది. సినిమా చరిత్రలు ఆ గరుకు గీతల కొత్త అందాన్ని మెచ్చుకుంటాయి. వెంట్రుకంత సన్నని గీతని వణక్కుండా లాగే విద్య నేర్చుకోవడానికి ఏళ్లు పెట్టిన చేతుల గురించి ఒక వాక్యం రాసి ముందుకెళ్తాయి.

రంగుల పని ఇంకో మూడు దశాబ్దాలు నిలిచింది. 1989 నాటి ‘ది లిటిల్ మెర్మెయిడ్’ తర్వాత అదీ పోయింది. పిక్సార్‌తో కలిసి తయారుచేసుకున్న క్యాప్స్ అనే కంప్యూటర్ వ్యవస్థతో 1990లో ‘ది రెస్క్యూయర్స్ డౌన్ అండర్’ మొత్తానికి రంగులు వేశారు. కుంచె పట్టిన వాళ్లలో కొందరు మౌస్ పట్టారు, కొందరు ఇంటికి వెళ్లారు. ఆ క్యాప్స్ కూడా శాశ్వతం కాలేదు. 2004లో ‘హోమ్ ఆన్ ది రేంజ్’ తర్వాత మరో పెద్ద సినిమాకి దాన్ని వాడలేదు. 2009లో మళ్లీ చేతి బొమ్మల సినిమా ‘ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్’ తీసినప్పుడు బయట దొరికే టూన్ బూమ్ హార్మొనీ మీద పనిచేశారు. కుంచె నుంచి క్యాప్స్‌కి, క్యాప్స్ నుంచి హార్మొనీకి. ఒక్క ఉద్యోగ జీవితంలోనే రెండు మార్పులు పట్టేస్తాయి.

మరి శిక్షణ ఎలా ఇవ్వాలో వాళ్లకి తెలియదా? తెలుసు. ఇదే డిస్నీ 2000 దశకం మొదట్లో పెన్సిల్ సినిమాల నుంచి కంప్యూటర్ సినిమాల వైపు మళ్లినప్పుడు, చాలామందిని తీసేసింది గానీ, ఉంచుకున్న యానిమేటర్లకి కొత్త సాఫ్ట్‌వేర్‌లో తానే శిక్షణ ఇచ్చి 2005లో ‘చికెన్ లిటిల్’ తీసింది. నడక ఎలా ఉండాలో తెలిసినవాళ్లకి మీటలు నేర్పడం సులువు, మీటలు తెలిసినవాళ్లకి నడక నేర్పడం కష్టం అన్న ఎరుక దాని వెనక ఉంది. మన స్టూడియోల్లో అక్కకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. 1930లలో గీసిన గీత మీద ఒక పక్క ‘సృజన’, ఇంకో పక్క ‘పని’ ఉన్నాయి కదా. సృజన వైపు ఉన్నవాళ్ల అనుభవం మీద పెట్టుబడి పెడతారు. పని వైపు ఉన్నవాళ్ల స్థానంలో కొత్తవాళ్లని పెడతారు. విదేశీ సినిమాలకి, సీరియళ్లకి తక్కువ ఖర్చుతో పనిచేసి పెట్టే హైదరాబాద్ లాంటి ఊళ్లకి ఆ గీతకి అవతలి పక్కే దక్కింది, ఆడవాళ్లకీ మగవాళ్లకీ కూడా.

హైదరాబాద్‌లో శాఖ పెట్టిన రిథమ్ అండ్ హ్యూస్ సంగతి గుర్తుండే ఉంటుంది. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని సృష్టించిన సంస్థ. 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో ఆ సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అక్కడ యానిమేషన్‌కి వాడింది వూడూ అనే సొంత సాఫ్ట్‌వేర్. బయట ఎక్కడా దొరకదు. అలాంటిదాంట్లో ఆరితేరిన మనిషి గేటు దాటి బయటికొస్తే ఆ పనితనాన్ని ఏ మీటల మీద చూపించాలి? సొంత సాఫ్ట్‌వేర్ అయినా, కొనుక్కున్నదైనా, అది ఎప్పుడు ఆగిపోవాలో నిర్ణయించే గదిలో దాన్ని వాడే మనిషికి కుర్చీ ఉండదు.

ఇదంతా మనకి దూరపు విషయం అనుకునే వీల్లేదు. మన తెలుగు పత్రికలు, పుస్తకాలు ఎన్నో ఏళ్లు పేజ్‌మేకర్ మీద, అను ఫాంట్లతో తయారయ్యాయి. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్ కొత్త వెర్షన్ రాలేదు. యూనికోడ్ వచ్చాక పాత ఫైళ్లు తెరిస్తే అక్షరాలు పిచ్చి గుర్తులుగా కనిపించాయి. మన కథలకి, వ్యాసాలకి అక్షరం అక్షరం కొట్టిపెట్టిన డీటీపీ సెంటర్లలోని అమ్మాయిల వేళ్లలో అను కీబోర్డు ఇంకిపోయి ఉండేది. యూనికోడ్ గొప్పతనం గురించి మనం ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం, అవి రాయాల్సినవే. కొత్త కీబోర్డు నేర్చుకోవడానికి ఆ అమ్మాయికి ఎన్ని రోజులు పట్టింది, ఆ రోజులకి జీతం ఎవరిచ్చారు అని నేనూ ఎప్పుడూ అడగలేదు. నా పీహెచ్‌డీ థీసిస్ కొట్టింది కూడా అలాంటి అమ్మాయే. కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు లేదు.

మరి పాత పనిముట్లు ఎప్పటికీ ఉంచాలంటామా? అది కుదిరే పని కాదు. కానీ ‘ఆపేస్తున్నాం’ అన్న మాట తర్వాత ఏం జరగాలన్నది ప్రకృతి నియమం కాదు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. 2002లో దాని వెనకున్న సంస్థ మూతపడింది. వాడేవాళ్లూ అభిమానులూ కలిసి ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి దాని హక్కులు విడిపించారు. ఆ ఏడాది అక్టోబర్‌లో దాని సోర్స్ కోడ్ అందరిదీ అయింది. 2025లో ఆస్కార్ అందుకున్న లాట్వియా చిత్రం ‘ఫ్లో’ బ్లెండర్ మీదే తయారైంది. ఏ కంపెనీ ప్రకటనా ఇక దాన్ని మూసేయలేదు. అలాగని బ్లెండర్ నేర్చుకోవడానికి సమయం పట్టదనీ కాదు. అందరిదీ అయిన పనిముట్టు కూడా, రాత్రి ఏడు తర్వాతే నేర్చుకోవాలంటే, కొందరిదే అవుతుంది.

అందుకే అడగాల్సింది తేలికైన భాషలో అడుగుదాం. పనిముట్టు మార్చే నిర్ణయం సంస్థది అయినప్పుడు, నేర్చుకునే సమయం కూడా సంస్థదే కావాలి. పని గంటల్లో, జీతంతో. నేర్చుకుంటున్న నెలల్లో పనితీరు రిపోర్టు రాయకూడదు. తొమ్మిదేళ్ల అనుభవాన్ని తొమ్మిదేళ్లుగానే లెక్కపెట్టాలి. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చిన స్త్రీకి, తను లేనప్పుడు మారిపోయినవి నేర్పే బాధ్యత ఆమె స్నేహితురాళ్ల మీదికి నెట్టకూడదు. ఇవేవీ పెద్ద కోరికలు కావు. యంత్రం మారిస్తే దాన్ని బిగించడానికి అయ్యే ఖర్చు లెక్కలో రాసుకుంటారు కదా, మనిషికీ అలాగే.

అక్క ఇప్పుడు రిగ్గింగ్ చేయడం లేదు. వేరే స్టూడియోలో ప్రొడక్షన్ కోఆర్డినేటర్. ఎవరి షాట్ ఎప్పటికి ఇవ్వాలో చార్టులు వేస్తుంది. అయితే కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మధ్యాహ్నం డబ్బాలు పట్టుకుని అమ్మాయిలు ఆమె బల్ల దగ్గరికే వస్తారట. “మేడమ్, ఇది ఎక్కడికి పోయింది?” అని అడుగుతారు. ఆమె అన్నం తింటూ చెబుతుంది. ఆ అరగంట ఏ ట్రైనింగ్ రిపోర్టులోనూ ఉండదు.

నోట్‌బుక్ తెచ్చుకుంటానంటే అక్క ఆశ్చర్యపోయింది. “అందులో ఏముందే, అన్నీ కీలే కదా” అంది. ఇంటికొచ్చి ఒక్కో పేజీ ఫొటో తీసి పెట్టుకున్నాను. ఆఖరి పేజీలో ‘పాతది’, ‘కొత్తది’ అని శీర్షికలు రాసి ఉన్నాయి, కింద ఏమీ లేదు. పేజీ మూలన మాత్రం బస్సు నంబరు, పాల ప్యాకెట్ల లెక్క, ‘ఏడింటికి అమ్మకి ఫోన్ చెయ్యాలి, బాబుని చూసుకోమని’ అని ఉంది. ట్రైనింగ్‌కి వెళ్లిన అయిదు రోజుల్లో అదొకటి అయి ఉంటుంది.